మాట నిమిషం

నర్సుల క్వార్టర్స్, మూడో అంతస్తు
జూన్ 3

వదినా,

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తవని తెలిసీ పది నెలలుగా చేస్తూనే ఉన్నాను. మొన్న నీ కూతురు అసలు సంగతి చెప్పింది. నా గొంతు వింటే చాలు, నిన్ను మళ్ళీ ఆ ఐసీయూ తలుపు ముందు కూర్చోబెట్టినట్టే ఉంటుందట. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఒక సంగతి చెప్పాలి. నేను ఐసీయూ వదిలేశాను. పద్నాలుగేళ్ళు చేసిన చోటు నుంచి ప్రసూతి వార్డుకి మార్పించుకున్నాను. ఎందుకని అందరూ అడిగారు. నడుం నొప్పి అని చెప్పాను. స్పృహ లేని మనుషుల్ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పీ తిప్పీ నడుం పడిపోయిన మాట నిజమే. నీకూ అదే కారణం చెబుతున్నాను.

ఇక్కడ నేను కొత్త పిల్లని. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు నాకు పని నేర్పుతున్నారు. మొదటిరోజే నవ్వులపాలయ్యాను. నొప్పులు పడుతున్న ఒకామె దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ మెల్లగా, గుసగుసలాడినట్టు, భయపడకండి, మేమంతా ఇక్కడే ఉన్నాం అన్నాను. ఆమె నా మొహంలోకి గుచ్చి చూసి, "ఏంటండీ, నేనేమన్నా పోతున్నానా, అలా మాట్లాడుతున్నారు?" అంది. వార్డంతా గొల్లుమంది. ఇంకొకామె కాన్పయిన కొన్ని గంటలకే మంచం దిగి తనంతట తను బాత్రూమ్‌కి బయల్దేరితే, పరుగెత్తికెళ్ళి రెండు చేతులా పట్టుకున్నాను. ఆమె విదిలించుకుని నావైపు ఎగాదిగా చూసింది. లేచి నడిచే పేషెంట్లని నేనెప్పుడు చూశాను వదినా?

ఇక్కడ యూనిఫారం లేత ఆకుపచ్చ. దుకాణంలో కుట్టించాను. జేబు మరీ పైకి పెట్టాడు, వంగితే కత్తెర కింద పడుతోంది. నర్సింగ్‌లో చేరినప్పుడు నాకు యూనిఫారం నువ్వే కుట్టావు. నా చెయ్యి ఎక్కడిదాకా వస్తుందో కొలిచి మరీ జేబు పెట్టావు.

అమ్మాయికి అయిదో నెల కదా. అల్లుడి ఉద్యోగం ఈ ఊళ్ళోనే కాబట్టి పురుడు మా ఆసుపత్రిలోనే అవనీ. నేను దగ్గరుండి చూసుకుంటాను. జవాబు రాయి. తిట్టినా సరే.

నీ ఆడపడుచు


కుట్టు గది
జూన్ 15

సిస్టర్ గారికి,

మీ ఉత్తరం అందింది. చావుల వార్డు నుంచి పురుళ్ళ వార్డుకి మారితే చేతులు కడిగేసుకున్నట్టే అని మీరు అనుకుంటే, అది మీ ఇష్టం.

నాకు తెలిసిన ఆసుపత్రి ఒకటే. ఒక తలుపు, దాని ముందు ఆరు ఇనప కుర్చీలు. నేను చివరి కుర్చీలో కూర్చున్నాను. ఒళ్ళో మీ అన్నయ్య చెప్పులూ కళ్ళజోడూ ఉన్న కవరు. మూడు రోజుల దగ్గు ఊపిరితిత్తుల దాకా పోతుందని ఎవరనుకున్నారు? సాయంత్రం నాలుగింటికి మీరు తలుపు సగం తెరిచి, "వెంటిలేటర్ మీద పెడుతున్నాం, బయటే కూర్చోండి" అన్నారు. కూర్చోండి అన్నారు నన్ను. జడ వేసి బడికి పంపిన నన్ను. అందుకే నేనూ మిమ్మల్ని అందరిలాగే మీరు అంటున్నాను.

తొమ్మిది రోజులు ఆయన గొంతులో గొట్టంతో పడుకున్నారు. రోజుకి రెండుసార్లు లోపలికి వచ్చి కాళ్ళ దగ్గర నిలబడ్డాను. కళ్ళు తెరవలేదు. పదోరోజు పొద్దున్న అన్నీ తీసేసి నాకిచ్చారు.

నాకు ఒక్క జవాబు కావాలి. గొట్టం వెయ్యకముందు ఆయన మాట్లాడే స్థితిలో ఉన్నారా? ఉంటే నన్నెందుకు పిలవలేదు? అప్పుడు అడిగితే టైం లేదన్నారు. ఇప్పుడు కాగితం మీద రాసివ్వండి.

అమ్మాయి పురుడు ఎక్కడన్నది అమ్మాయీ దాని మొగుడూ చూసుకుంటారు. మీ జేబు రెండంగుళాలు కిందకి దించమనండి. పక్క కుట్టు విప్పకుండానే దించొచ్చు, చేతనైన వాడైతే.

మీ అన్నయ్య భార్య


నర్సుల క్వార్టర్స్
జులై 2

వదినా,

మీరు అన్నావు. పాతికేళ్ళలో ఒక్కసారీ అనలేదు. చెంప మీద కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు నిజంగానే టైం లేదు. ఆక్సిజన్ పడిపోతోంది, డాక్టర్ తొందరపెట్టాడు. అలాంటప్పుడు ఎవరినీ లోపలికి రానివ్వరు. అంతకుమించి ఏమీ లేదు.

జేబు దించించాను. ఇప్పుడు కత్తెర పడటం లేదు.

ఇక్కడి పెద్ద సిస్టర్ ముప్పై ఏళ్ళుగా పురుళ్ళు పోస్తున్న మనిషి. పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం మూడు వార్డులకి వినపడుతుంది. నేను మాటిమాటికీ మిషన్ తెర మీద అంకెలు చూస్తున్నానని దాన్ని గోడవైపు తిప్పేసింది. "అది కనేది కాదు, ఈవిడ కనేది. ఈవిడని చూడు" అంది. రెండు గంటలపాటు ఒకామె కడుపు మీద అరచెయ్యి పెట్టించి, కళ్ళు మూసుకోమని, నొప్పి ఎప్పుడు మొదలైందో ఎప్పుడు వదిలిందో చేత్తోనే చెప్పమంది. మొదట ఒక్కటీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తెలుస్తోంది. ఇక్కడ అరిచేవాళ్ళతో భయం లేదట. నోరు మూతబడ్డవాళ్ళ దగ్గరికే ఆవిడ పరుగెడుతుంది. గంటకోసారి ఎన్ని నీళ్ళు తాగారు, ఎంత పోశారు అని రాసుకుంటుంటే ఒకామె, మా ఆయన ఇందులో సగం అడిగినా ఇంకో ఇద్దరిని కనేదాన్ని అంది.

అంతా నవ్వులే అనుకోకు. పోయిన వారం ఒకామెకి బిడ్డ దక్కలేదు. కడుపులోనే పోయి పుట్టింది. గదిలోంచి ఒక్కొక్కరే ఏదో పని పెట్టుకుని తప్పుకున్నారు. నన్ను పిలిచారు. నీకు అలవాటే కదా అన్నారు. ఆ పని తప్పించుకుందామని వార్డు మారితే అది నాకంటే ముందే వచ్చి కూర్చుంది. బిడ్డకి స్నానం చేయించి, గుడ్డలో చుట్టి తల్లి ఒళ్ళో పెట్టాను. తీసుకెళ్ళాలని కింద మార్చురీ నుంచి మనిషి రెండుసార్లు వచ్చాడు. ఆవిడ ఇచ్చినప్పుడే తీసుకుంటానని తలుపు దగ్గర నిలబడ్డాను. మధ్యాహ్నం దాకా ఇవ్వలేదు. అప్పటిదాకా నేనూ కదల్లేదు.

అమ్మాయి పరీక్షలకి ఇక్కడికే వస్తోంది. కాళ్ళు కొంచెం వాచాయి, అంతే. నువ్వు బెంగపడకు.

నీ ఆడపడుచు


కుట్టు గది
ఆగస్టు 10

నీకు,

మీరూ గీరూ ఇక అనను. ఆ మర్యాదకి కూడా తగవు నువ్వు.

నిన్న బడి యూనిఫారాల కొలతలివ్వడానికి ఒక టీచరమ్మ వచ్చింది. మాటల్లో మీ ఆసుపత్రి పేరు వచ్చింది. రెండేళ్ళ కిందట వాళ్ళాయన అక్కడే పోయాడట. అక్కడ కళ్ళజోడు పెట్టుకుని, గడ్డం కింద పుట్టుమచ్చ ఉన్న సిస్టర్ ఒకామె ఉంటుందట. గొట్టం వేసేముందు డాక్టర్‌ని ఆపి, ఈవిడని లోపలికి పిలిచి, ఒక్క నిమిషం ఉంది, చెప్పుకోవాల్సింది చెప్పుకోండి అందట. గొట్టం పడ్డాక మాట ఉండదు కాబట్టి ఆ సిస్టర్ అందరికీ అలాగే చేస్తుందట. మాట నిమిషం అని దానికి ఒక పేరు కూడా ఉందట మీలో. వాళ్ళాయన ఆ నిమిషంలో బీరువా తాళం ఎక్కడ పెట్టాడో చెప్పి, ఈవిడ చెయ్యి నొక్కి వదిలాడట. "ఆ చెయ్యి నొక్కుడుతోనే బతుకుతున్నానండీ" అంది. చెబుతూ నవ్వింది కూడా.

ఆవిడ మా ఆడపడుచే అని చెప్పకుండానే కొలతలు రాసుకుని పంపేశాను.

అందరికీ ఇచ్చావు. ఊరూ పేరూ తెలియనివాళ్ళకి ఇచ్చావు. పోయిన బిడ్డని తల్లి ఒళ్ళో మధ్యాహ్నం దాకా ఉంచి తలుపు కాశావని నాకు ఉత్తరం రాశావు, సిగ్గు లేకుండా. నేను ఇరవై అడుగుల దూరంలో చెప్పుల కవరు పట్టుకుని కూర్చున్నాను. నా దగ్గరికొచ్చేసరికే టైం లేకపోయిందా?

ఇంకోసారి టైం లేదని రాశావంటే ఆ కాగితం చించి పొయ్యిలో పెడతాను. నిజం రాయి. ఆయన ఏమన్నారు?


నర్సుల క్వార్టర్స్
ఆగస్టు 19

వదినా,

టైం ఉంది.

ఆ మంచం డ్యూటీ నాకే వెయ్యమని నేనే అడిగి తీసుకున్నాను. అన్నయ్య మాస్క్ కింద నుంచి రొప్పుతూనే మాట్లాడుతున్నాడు. డాక్టర్ సామాను సర్దుకుని, నా అలవాటు తెలిసినవాడు కాబట్టి ఆగి, మాట నిమిషం లేదా సిస్టర్ అని అడిగాడు. "అక్కర్లేదు డాక్టర్, మా అన్నయ్య" అన్నాను. నేనన్న మాట ఇదే.

అన్నయ్య విన్నాడు. మాస్క్ పక్కకి లాగి, "అమ్మాయి వాళ్ళమ్మని ఒకసారి రమ్మనవే" అన్నాడు. నేను మాస్క్ సర్ది, తర్వాత మాట్లాడుదువుగాని, రెండ్రోజుల్లో తీసేస్తాం అన్నాను. మాట రాక తలుపు వైపు వేలు చూపించాడు. ఆ వేలు పట్టుకుని మంచం మీద పెట్టేసి, మత్తు ఇంజెక్షన్ నా చేత్తోనే ఎక్కించాను.

నీకిలా ఎందుకు చేశానని అడుగుతావు. అందరికీ ఆ నిమిషం ఇచ్చింది, ఎవరు తిరిగొస్తారో ఎవరు రారో నాకు తెలియదు కాబట్టి. అన్నయ్య విషయంలో మాత్రం తెలుసనుకున్నాను. నిన్ను పిలిస్తే, పోతాడేమోనని నేను ఒప్పుకున్నట్టు అవుతుంది. ఒప్పుకోలేకపోయాను. లిఫ్టులు బాగుచేస్తూ తాళ్ళకి వేలాడినవాడు దగ్గుకి పోతాడా అనుకున్నాను. పద్నాలుగేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, అంతా నాకే తెలుసనుకున్నాను.

ఆ తర్వాత కూడా నెలల తరబడి అక్కడే పనిచేశాను. ఒకరోజు ఒకామెని లోపలికి పిలిచాను. వచ్చి మంచం పక్కన నిలబడి నా మొహంలోకి చూసింది. ఒక్క నిమిషం ఉందమ్మా అని చెప్పాలి. నోరు తెరిచాను, మాట రాలేదు. ఆమె నిమిషం కూడా నేనే తినేశాను. ఆ రోజే బదిలీ కాగితం పెట్టాను. నడుం నొప్పి వల్లనన్నది అబద్ధం.

ఈ మాట ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. నిన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం చెల్లదు.


కుట్టు గది
సెప్టెంబర్ 6

చదివాను. రెండు వారాలు ఏ పనీ చెయ్యలేకపోయాను. బడి యూనిఫారాలు ఆలస్యమైతే టీచరమ్మ వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

తలుపు వైపు వేలు చూపించారని రాశావే, ఆ వేలు నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. రాయకుండా ఉండాల్సింది. రాయమన్నది నేనే. అయినా రాయకుండా ఉండాల్సింది.

అమ్మాయికి ఏమీ చెప్పలేదు. కడుపుతో ఉన్న పిల్ల. అది నీ దగ్గరే కంటానంటోంది, అత్త ఉంటే ధైర్యమట. వద్దని చెప్పడానికి కారణం చెప్పాలి కదా, అందుకే ఊరుకున్నాను. నీ పని నువ్వు చెయ్యి, అంతవరకే. నేను ఆ భవనంలో అడుగుపెట్టను. పిల్లని ఇంటికి తెచ్చాక చూసుకుంటాను.

నాకు ఉత్తరాలు రాయకు. ఫోన్ చెయ్యకు. నీ నంబరు వస్తే ఎత్తను. ఆయన మీద ఒట్టు.


నర్సుల క్వార్టర్స్
అక్టోబర్ 14

వదినా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాయాలి. తల్లీ బిడ్డా క్షేమమని అల్లుడు నిన్న మధ్యాహ్నమే ఫోన్‌లో చెప్పి ఉంటాడు. నీ మనవరాలు రెండు కిలోల ఎనిమిది వందలు, అన్నయ్య చెవులే. అల్లుడికి తెలియనిది ఈ ఉత్తరంలో ఉంది. నిన్ను తీసుకురావడానికి అతను బయల్దేరుతున్నాడు, అతని చేతికే ఇస్తున్నాను.

నిన్న పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. అంతా సవ్యంగా ఉంది. ఇంకా చాలా టైం పడుతుందని అల్లుడిని బట్టలు తెమ్మని ఇంటికి పంపాను. పదకొండింటికి ఉమ్మనీరు పోయింది. చూద్దామని చెయ్యి పెడితే, బిడ్డ తల కంటే ముందు బొడ్డుతాడు నా వేళ్ళకి తగిలింది. తల దానిమీద పడి నొక్కితే బిడ్డకి ఊపిరి అందదు. అలాంటప్పుడు ఒకటే దారి, చెయ్యి లోపలే ఉంచి ఆపరేషన్ అయ్యేదాకా తలని పైకి నెట్టి పట్టుకోవాలి. స్ట్రెచర్ మీద మోకాళ్ళ మీద కూర్చుని అలాగే పట్టుకున్నాను. మిషన్ లేదు, తెర లేదు. నా వేళ్ళ పక్కన తాడు కొట్టుకోవడమే బిడ్డ గుండె. పెద్ద సిస్టర్ కళ్ళు మూయించి నేర్పిందంతా ఆ పది నిమిషాలకే పనికొచ్చింది.

లిఫ్టు పైన ఎక్కడో ఉండిపోయింది. ఆగాం. అన్నయ్య ఉంటే ఆ లిఫ్టుని ఏడు తిట్లు తిట్టేవాడు. పూర్తి మత్తు ఇస్తారని, గొంతులో గొట్టం వేస్తారని నాకు తెలుసు. చిన్న సిస్టర్‌ని పిలిచి, నా జేబులో ఫోన్ తీసి వదినకి కలపమన్నాను. అమ్మాయి చెవి దగ్గర పెట్టించాను. ఈసారి ఎవరినీ అడగలేదు, ఏమీ ఆలోచించలేదు.

మూడుసార్లు కలిపించాను. మూడోసారి మోగుతుండగా లిఫ్టు వచ్చింది. "అమ్మ ఎత్తట్లేదు అత్తా" అంది. కుట్టు మిషన్ చప్పుడులో వినపడి ఉండదని చెప్పాను. థియేటర్ తలుపు దగ్గర, "అమ్మకి చెప్పు, నాకు భయమెయ్యలేదని చెప్పు" అంది. ఆ మాట నీకు అందజేస్తున్నాను. ఇంకొకరి మాట కూడా నా దగ్గరే ఉండిపోకూడదు.

సాయంత్రానికి అమ్మాయికి పూర్తిగా మెలకువ వచ్చింది. గొట్టం వల్ల గొంతు బొంగురుపోయింది. మొదట బిడ్డని అడిగింది. తర్వాత, అమ్మ మళ్ళీ ఫోన్ చేసిందా అని అడిగింది. నీ ఫోన్ సైలెంట్‌లో ఉండిపోయిందని చెప్పాను. నువ్వూ అదే చెప్పు. నా మాటకి సరిపోతుంది.

నీ ఆడపడుచు


కుట్టు గది
అక్టోబర్ 15

ఆడపడుచుకి,

అల్లుడితో బయల్దేరలేదు. ముందు నువ్వు ఇది చదవాలి, ఆ తర్వాత నేను రావాలి. ఎదురుగా నిలబడి ఇవి చెప్పలేను. అందుకే ఈ ఉత్తరం ఇచ్చి అతన్ని వెనక్కి పంపుతున్నాను, పిచ్చిదాన్ని అనుకున్నా సరే.

నా ఫోన్ సైలెంట్‌లో లేదు. మిషన్ ఆగే ఉంది, దారం మారుస్తున్నాను. మొదటిసారి మోగినప్పుడు నీ నంబరు చూశాను. అమ్మాయికి నెలలు నిండాయని నాకు తెలియదా? అయినా ఒట్టు పెట్టుకున్నాను కదా అని కూర్చున్నాను. రెండోసారి మోగినప్పుడు, ఏదైనా ఉంటే అల్లుడు చేస్తాడులే అనుకున్నాను. మూడోసారి ఫోన్ బోర్లా పెట్టి దానిమీద గుడ్డ వేశాను. అప్పుడు మనసులో ఏమనుకున్నానో తెలుసా? తర్వాత చూద్దాం అనుకున్నాను.

నువ్వు ఆయనతో అన్న మాటే. తర్వాత.

భయమెయ్యలేదని చెప్పమందా? అది అబద్ధం. దానికి ఇంజెక్షన్ సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. నాకు తెలుసు, నాకోసం అంది. ఆ పిల్ల తిరిగొచ్చింది కాబట్టి సరిపోయింది. రాకపోయి ఉంటే ఆ మూడు మోతలూ నేను బతికినన్నాళ్ళూ మోగేవి. నీ వేళ్ళ పక్కన ఆ తాడు కొట్టుకుంటూ ఉండబట్టి బతికిపోయాను. దానికి నేను నీకు దణ్ణం పెట్టాలి. పెట్టలేను. పెట్టబుద్ధి కావడం లేదు.

నిన్ను క్షమించాననుకోకు. ఏడాది పైగా నీమీద కోపం ఒక్కటే నాకు దన్నుగా ఉంది. పొద్దున లేస్తే దాన్ని పట్టుకుని లేచేదాన్ని. తలుపు వేసింది నువ్వు, బయట కూర్చున్నది నేను, అంతే లెక్క. ఇప్పుడు ఆ మాట అనడానికి నాకు నోరు లేదు. ఆయన్ని తీసుకున్నావు, ఆయన మాట తీసుకున్నావు, చివరికి నా కోపం కూడా పోయింది. అది నువ్వు తీసుకోలేదు, నేనే పోగొట్టుకున్నాను. అందుకే ఇంకా మండుతోంది.

అమ్మాయితో ఫోన్ సైలెంట్‌లో ఉందనే చెబుతాను. నీ అబద్ధం నేనూ మోస్తాను. ఇక మన ఇద్దరి మధ్యా ఉండేది అదొక్కటే.

రేపు పదింటి బస్సుకి వస్తాను. బస్టాండుకి రాకు. పసిపిల్లకి నాలుగు గౌన్లు కుట్టాను, తెస్తాను. ఆ వార్డు ముందు కూడా ఇనప కుర్చీలు ఉంటాయేమో నాకు తెలియదు. ఉన్నా నేను కూర్చోను. లోపలికి రమ్మని ఎవరినో పంపకు. తలుపు నువ్వే తియ్యి.

నీ వదిన